పసిపిల్లల వార్డులో సీమంతం గాజులు

నేను ఏ వార్డులో అడుగుపెట్టినా అక్కడి కుళాయిలన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి. నా ఉద్యోగం అలాంటిది మరి. రోగి ఏ జబ్బుతో వచ్చాడో డాక్టర్లు చూసుకుంటారు. వచ్చాక మా దగ్గర కొత్త జబ్బేదీ అంటించుకోకుండా చూడడం నా వంతు. చేతులు కడిగారా, గొట్టాలు మార్చారా, ఒక మంచం దగ్గర వేసుకున్న తొడుగులతోనే పక్క మంచం దగ్గరికి వెళ్ళారా అని రోజంతా జనం వెంటపడుతుంటాను. మామూలు నర్సుగా చేరి, చాలా ఏళ్ళు సూదులు గుచ్చి, చివరికి ఈ పోలీసు పనిలోకి వచ్చాను. వెనకాల నన్ను ‘హాథ్-ధో దీదీ’, అంటే చేతులు కడుక్కోమనే అక్క, అంటారని నాకు తెలుసు. ఎదురుగా ఉన్నంతసేపూ నురగ నిండిన చేతులు చూపించి, "దేఖియే దీదీ" అంటారు. నేనటు తిరిగితే ఎవరి పద్ధతి వాళ్ళది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే నాకు కనబడదా?

ఈ పనిలో మెచ్చుకోలు ఉండదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు మిఠాయి డబ్బా వస్తుంది. పురుడు పోసిన సిస్టరుకు చీర పెడతారు. రావలసిన జబ్బు రాకుండా పోయిందని మిఠాయి తెచ్చేవాడు ఈ జంషెడ్‌పూర్ మొత్తంలో ఎక్కడైనా ఉన్నాడా? నేను బాగా పనిచేసిన రోజున ఏమీ జరగదు, అంతే. సాయంత్రం ఆటోలో వంతెన దాటి మాంగోలోని మా ఇంటికి వెళ్తూ, ఇవాళ ఏమీ జరగలేదు అని నన్ను నేనే మెచ్చుకుంటాను.

అన్ని వార్డులకీ చిరాకుగానే వెళ్ళే నేను ఒక్క పసిపిల్లల వార్డుకి మాత్రం ఇష్టంగా వెళ్ళేదాన్ని. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు చాలనివాళ్ళు అక్కడ వెచ్చటి దీపాల కింద పడుకుని ఉంటారు. మాకు పిల్లలు లేరు. మా ఆయనది గమ్హరియాలో ఫ్యాక్టరీ పని. ఇద్దరం మందులు వాడాం, ప్రార్థనలు చేయించుకున్నాం, తర్వాత ఆ మాటే ఎత్తడం మానేశాం. ఆ బాధ పోయిందా అని ఎవరైనా అడిగితే పోయిందనే చెబుతాను. పోలేదు. ఆ వార్డులో నీళ్ళు పరీక్షించేదాన్ని, గొట్టాలు పరీక్షించేదాన్ని, పాలగిన్నెలు పరీక్షించేదాన్ని. పిల్లలను మాత్రం ముట్టుకునేదాన్ని కాదు. నా చేతులు ఆసుపత్రంతా తిరిగిన చేతులు. నన్నెవరూ వద్దనలేదు, ఆ రూలు నాకు నేనే పెట్టుకున్నాను. ఎత్తుకోవాలని ఎంత ఉండేదో చెబితే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు కూడా.

గాజుల సంగతి చెప్పాలి. ఇక్కడి మా తెలుగువాళ్ళలో సీమంతానికి కడుపుతో ఉన్న అమ్మాయికి మోచేతుల దాకా మట్టి గాజులు తొడుగుతారు. పురుడొచ్చేదాకా అవి తీయరు. బిడ్డ పుట్టాక పురుడు పోసిన మంత్రసానికి ఇచ్చేస్తారు. ఊళ్ళు వదిలి ఇక్కడికి వచ్చాక మంత్రసాని లేదు గానీ ఇవ్వడం అలాగే ఉంది. సిస్టరుకో ఆయాకో ఇస్తారు. హిందువుల ఇళ్ళలోనూ అంతే, మా చర్చి వాళ్ళలోనూ అంతే. పాస్టరుగారు ఇది మూఢనమ్మకమని ఆదివారం చెబుతారు, సోమవారం గాజుల కొట్టుకి వెళ్తాం. ఆ గాజులు పిల్లలు లేనివాళ్ళు తొడుక్కుంటే కడుపు పండుతుందని ఇంకో మాట. అందుకని ఎవరి సీమంతానికి వెళ్ళినా పెద్దావిడ ఒకరు నా చెయ్యి పట్టుకుని రెండు గాజులు ఎక్కించేది. "తొడుక్కోయే, వచ్చే ఏడు నీదే" అనేది. నేనూ తొడుక్కున్నాను, అబద్ధమెందుకు. ఆసుపత్రి గుమ్మంలో తీసి హ్యాండుబ్యాగులో వేసుకోవడం, సాయంత్రం ఆటోలో మళ్ళీ వేసుకోవడం. నా బ్యాగు ఎప్పుడూ గలగలమంటూ ఉండేది. కొన్నేళ్ళకు వేసుకోవడం మానేశాను.

ఈమధ్యనే, ఒక వానాకాలంలో, ఈ ఊళ్ళోనే బారిడీహ్ నుంచి ఒక అమ్మాయి పురిటికి వచ్చింది. భర్తది స్టీలు పని. వాళ్ళ పెద్దవాళ్ళు ఒడిశా సరిహద్దు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. పెళ్ళయి చాలా కాలమైంది, కడుపు నిలవక నిలవక ఈసారి నిలిచింది. అదీ నెలలు నిండలేదు. ఆడపిల్ల. దోసిట్లో పట్టేంత ఉంది. పుట్టగానే మా వార్డులో దీపం కిందకి తెచ్చేశారు కాబట్టి ఆ తల్లి బిడ్డను సరిగా చూడనే లేదు. కొన్నాళ్ళకు పాప కాస్త తేరుకుంది. రేపటి నుంచి బిడ్డను గుండెకు ఆనించుకుని కూర్చోవచ్చు అన్నారు డాక్టరుగారు. తల్లి ఒంటి వెచ్చదనానికి అలాంటి పిల్లలు తొందరగా కోలుకుంటారు, మందు కంటే అదే మేలు. ఆ అమ్మాయి తలస్నానం చేసి, ముందువైపు బొత్తాలున్న నైటీ వేసుకుని, చెప్పిన టైము కంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

సరిగ్గా ఆ పొద్దునే ల్యాబు నుంచి రిపోర్టులు వచ్చాయి. పక్కపక్కన కూడా లేని ఇద్దరు పిల్లల రక్తంలో ఒకటే సూక్ష్మక్రిమి. క్లెబ్సియెల్లా అంటారు దాన్ని, తడి దాని పుట్టిల్లు. మామూలు మందులకు లొంగని రకం. ఒకరికి వస్తే దురదృష్టం అనుకోవచ్చు. ఇద్దరికి ఒకటే వచ్చిందంటే ఎవరో మోసుకెళ్తున్నారన్నమాట. డాక్టరుగారు, నేను మాట్లాడుకున్నాం. వార్డులోకి బయటివాళ్ళెవరూ రాకూడదు, తల్లులు కూడా. ఫోన్లు కూడా లోపలికి వద్దన్నాను. లోపలి సిస్టర్లు ఫోన్లో బిడ్డను చూపిస్తుంటే తల్లులు బతికేవాళ్ళు, అదీ పోయింది. ఆ కాగితం తలుపుకి అంటించింది నేనే.

"ఈయాల నా గుంటని గుండెకి ఎత్తుకోమన్నారు సిస్టరమ్మా" అంది ఆ అమ్మాయి నా వెనకే నిలబడి. కాగితం మీదున్న హిందీ ఆమె చదివేసింది. చదవనట్టు అడుగుతోంది.

"ఇంకొన్నాళ్ళు ఆగాలమ్మా. లోపల పిల్లలకి జబ్బు అంటుకుంతంది."

"నా పాపకి కూడానేటి?"

"నేదు. నీ పాప బాగుంది. దానికి అంటకూడదనే ఆపినాం."

నేను వాళ్ళ మాటలోనే చెప్పేసరికి ఆమె మొహం కాస్త విప్పారింది. ఆ రోజు నుంచి నేను ‘అక్క’ని అయిపోయాను. పొద్దున, సాయంత్రం వచ్చి, పాలు పిండి గిన్నెలో ఇచ్చి, అద్దం తలుపుకి నుదురు ఆనించి నిలబడేది. పాప పడుకున్న దీపం వార్డు లోపలి మూలన ఉంది. అక్కణ్ణుంచి వెలుగు తప్ప ఏమీ కనబడదు. ఆ వెలుగునే చూసేది. నేను అటుగా వెళ్తే పట్టుకునేది.

"ఎప్పుడు రానిత్తారక్కా?"

"ఆ పురుగు ఎక్కడ దాక్కుందో దొరికినాక."

"కంటికి అగుపడని దాన్ని ఎలాగెతుకుతారు?"

మంచి ప్రశ్నే. కుళాయి మూతుల్లో పుల్లకు చుట్టిన దూది తిప్పి తీశాను. సింకు, తూకం వేసే పళ్ళెం, థర్మామీటరు, సబ్బు సీసా అడుగు, పాలగిన్నెలు, దేన్నీ వదల్లేదు. అందరి వేళ్ళూ జెల్లీ పోసిన గాజు పళ్ళేల మీద అద్దించి ల్యాబుకి పంపాను. వేళ్ళ మీద ఏముంటే మర్నాటికి ఆ జెల్లీ మీద అది మొలుస్తుంది. ఏవేవో మొలిచాయి గానీ మేం వెతికేది మొలవలేదు. ఎలా మొలుస్తుంది, నన్ను చూసి కడిగిన చేతులాయె! ఈలోగా మూడో బిడ్డకు అంటుకుంది. మొదట జబ్బు పడ్డ పిల్లవాడు చనిపోయాడు. వాళ్ళ నాన్న ఆ పసివాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని నా ముందు నుంచే తీసుకెళ్ళాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. అద్దం తలుపు దగ్గర ఆ అమ్మాయి కూడా చూసింది. ఆ సాయంత్రం నన్నేమీ అడగలేదు. అడిగితేనే బాగుండుననిపించింది.

ఇక వెతకడం మానేసి కూర్చున్నాను. నిజంగానే కూర్చున్నాను. అందరిలాగే గౌను, టోపీ వేసుకుని, వార్డు మూలన స్టూలు మీద కూర్చుని కాగితాలు తిరగేస్తున్నట్టు నటించాను. మనుషులు ఎంతసేపని భయపడతారు? మధ్యాహ్నానికి నన్ను మర్చిపోయారు. ఆయా ఒకావిడ ఒక బిడ్డకు గుడ్డ మార్చడానికి వంగింది. అప్పుడు సన్నగా, చాలా సన్నగా, గాజు మీద గాజు తగిలిన చప్పుడు. వేరేవాళ్ళయితే పట్టించుకునేవాళ్ళు కాదేమో. ఆ చప్పుడు నా హ్యాండుబ్యాగులో ఏళ్ళ తరబడి మోసినదాన్ని నేను.

ఆవిడ మా చర్చి మనిషే, నేను పిన్నీ అని పిలిచేదాన్ని. మనిషి బంగారం. ఏడ్చే బిడ్డ ఆవిడ చేతిలోకి వెళ్తే ఊరుకునేది. బట్టలు మార్చుకునే గదిలోకి పిలిచి గౌను చెయ్యి పైకి మడవమన్నాను. మోచేతి కింద ఆకుపచ్చ, పసుపుపచ్చ మట్టి గాజులు. జారకుండా, మోగకుండా వాటి మీద కట్టుగుడ్డ చుట్టింది. గుడ్డ పిండితే నీళ్ళు కారేలా ఉంది. కింద చర్మం నానిపోయి తెల్లబడింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"ఏటి పిన్నీ ఇది?" అన్నాను.

"ఆ బారిడీహ్ అమ్మి తన సీమంతం గాజులు తొడిగినాది. ‘మా పాప ఇంటికొచ్చేదాకా తియ్యకు పిన్నీ, నీ సేతుల్లోనే ఉంది దాని పేనం’ అని సెయ్యట్టుకుని ఏడ్సినాది. సరేనని మాటిచ్చీసినాను. నువ్వు సూత్తే తీసీమంతావని గుడ్డ కట్టినాను."

"చేతులు కడుగుతున్నావు కదా!"

"కడగకేటి! నువ్వు సెప్పినట్టే, మోసేతి దాకా. బిడ్డ బిడ్డకీ కడుగుతునే ఉన్నాను."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. కడిగిన ప్రతిసారీ గుడ్డ మళ్ళీ తడిసేది. కడిగిన చేతుల మీదికి ఆ తడే మళ్ళీ దిగేది. ఆ వార్డులో నా మాట తు.చ. తప్పకుండా విన్న మనిషి ఆవిడ ఒక్కతే. కోపంతో ఒళ్ళు మండిపోయింది, నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. ఆ గుడ్డ నుంచి తీసిన నమూనా మర్నాడు మొలిచింది. అదే క్రిమి.

"తీసేయించండి, అయిపోతుంది" అన్నారు డాక్టరుగారు హిందీలో. మగవాళ్ళకి అన్నీ తేలికే. పిన్ని తీయనంది. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటానంది గానీ గాజులు తీయనంది. "మాట తప్పినాక ఆ గుంటకేటైనా అయితే నన్ను దేవుడొగ్గుతాడేటి?" అని కూర్చుంది. ఆవిణ్ణి ఇంటికి పంపేస్తే ఒక్క చెయ్యి తగ్గుతుంది. మరి మిగతావాళ్ళ మాటో? ఆయాల్లో, చిన్న సిస్టర్లలో, ఎవరి చేతికి ఏ తల్లి కట్టిన ఎర్రదారం ఉందో, ఏ తాయెత్తు ఉందో. శిక్ష పడిందని తెలిస్తే ఇంకా లోపలికి దాస్తారు. వాళ్ళంతట వాళ్ళు తీయాలి. దానికి నా నోటిమాట చాలదు. తొడిగిన చెయ్యే తీయాలి.

అద్దం తలుపు దగ్గరి బెంచీ మీద ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అన్నీ ఒకేసారి చెప్పేశాను. అంతా విన్నాక, ఆ బాబును తువ్వాల్లో చుట్టుకుని తీసుకెళ్ళిన దారి వైపు చూస్తూ ఆమె అడిగింది.

"నా గాజులేనా అక్కా ఆ బాబుని సంపినాయి?"

కాదు అనేస్తే అయిపోయేది. ఆమె కళ్ళల్లోకి చూసి అలా అనలేకపోయాను.

"తెల్దమ్మా. నాకే కాదు, ఎవరికీ తెల్దు. పురుగు గాజుల్లో పుట్టదు. ఏ బిడ్డ దగ్గర్నుంచో ఆ తడిగుడ్డలోకి వచ్చినాది. ముందు గుడ్డలోకొచ్చిందో, ముందు బాబుకొచ్చిందో సెప్పలేం. నువ్వు ఇచ్చింది గాజులు. పురుగుని ఇవ్వలేదు."

"ఇచ్చినయి ఎనక్కి తీసుకుంతే అరిష్టం అంతారు. మా పాపకి..."

నేనెవరితోనూ చెప్పని సంగతి అప్పుడామెతో చెప్పాను. అలాంటి గాజులు నేనూ చాలా తొడుక్కున్నానని, చాలాసార్లు తీశానని, తీసినందుకు ఏమీ కాలేదని.

"మీకెంతమంది పిల్లలక్కా?"

"నేరు."

ఆమె తలెత్తి నా మొహం చూసింది. తీసినందుకు ఏమీ కాలేదు. తొడుక్కున్నందుకూ ఏమీ కాలేదు. రెండూ ఆమెకు అర్థమయ్యాయి. ఓదార్పు మాట ఏదైనా అంటుందేమోనని భయపడ్డాను. ఆమె నా మోకాలి మీద ఉన్న చేతిని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి లేచి, "పిన్నిని పిలవండి" అంది.

వార్డు బయట సింకు దగ్గర పిన్ని చెయ్యి చాపింది. ఆ అమ్మాయి సబ్బు నురగ పట్టించి ఒక్కొక్క గాజూ జారుస్తూ, "నా మాట నానే తీసీసుకుంతన్నాను పిన్నీ, నీ మీదేటీ నేదు" అంది. పిన్ని చంటిపిల్లలా ఏడ్చింది. చుట్టూ ఆయాలు, సిస్టర్లు నిలబడి చూశారు. ఆ సాయంత్రమే ఒక చిన్న సిస్టరు మణికట్టు దారం విప్పి నా దగ్గరికి తెచ్చి, దీన్నేం చేయను అని అడిగింది. పారేయమంటే మళ్ళీ కట్టుకుంటుంది. వార్డు గుమ్మం బయట గోడకి కొక్కేలు కొట్టించి చిన్న చిన్న గుడ్డ సంచులు వేలాడదీశాం. డ్యూటీకి వస్తూ అందులో వేసి, వెళ్తూ వేసుకోండి, మీ దేవుళ్ళు మీ కోసం బయట కూర్చుంటారు అన్నాను. నవ్వారు, వేశారు. ఇనుప కడియాలు, లక్క గాజులు, తాయెత్తులు, మా చర్చి వాళ్ళ శిలువ గొలుసులు. సంచులు నిండిపోయాయి.

కొత్తగా ఏ బిడ్డకూ జ్వరం రాలేదు. పిన్ని చెయ్యి మానింది, ల్యాబు పరీక్షలో శుభ్రమని వచ్చాకే మళ్ళీ డ్యూటీకి వచ్చింది. జబ్బు పడ్డ మిగతా ఇద్దరూ మెల్లగా కోలుకున్నారు. ఇంకొన్నాళ్ళు ఆగి చూసి, తలుపు మీది కాగితం పీకేశాను. తల్లులను వంతులవారీగా లోపలికి రానిచ్చాం. మొదటి వంతు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. సిస్టరు పాపను తెచ్చి గుండె మీద బోర్లా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. పాప కాసేపు కప్పపిల్లలా కాళ్ళు కొట్టుకుని, తర్వాత చెంప ఆనించింది. ఆ అమ్మాయి నవ్వలేదు, ఏడవలేదు. ఊపిరి గట్టిగా పీలిస్తే బిడ్డ కదులుతుందేమోనన్నట్టు బిగబట్టి కూర్చుంది. నేను తూకం పళ్ళెం తుడిచారో లేదో చూస్తున్నట్టు నిలబడ్డాను. పళ్ళెం మెరుస్తోంది, చూడడానికేమీ లేదు. అయినా అక్కణ్ణుంచి కదలలేకపోయాను. నాకు ఆ బరువు తెలియాలనిపించింది. గుండె మీద అంత చిన్న బరువు ఎలా ఉంటుందో ఒక్కసారి, ఒక్క నిమిషం.

"అక్కా," అంది ఆమె, బిడ్డ కదలనంత మెల్లగా. "ఓపాలి ఎత్తుకో."

"వద్దమ్మా. నాను అన్ని వార్డులూ తిరిగొచ్చినాను."

"అయితే కడుక్కో మరి. మాకందరికీ నేర్పినావు, నీకు రాదేటి?"

పక్కనున్న సిస్టరు కిసుక్కున నవ్వింది. నా దగ్గర ఇంక సాకు లేదు. వాచీ తీసి జేబులో వేసుకున్నాను. కుళాయి తిప్పాను. అరచేతులు, చేతుల వెనకభాగం, వేళ్ళ సందులు, గోళ్ళు, బొటనవేళ్ళు, మణికట్లు. ఒకసారి కడిగి తృప్తి లేక మళ్ళీ మొదలుపెట్టాను. ఇన్నేళ్ళుగా ఎందరికో చూపించిన పనిని నా కోసం నేను చేసుకోవడం అదే మొదటిసారి.

తడిచేతులు దేనికీ తగలకుండా ముందుకు ఎత్తి పట్టుకుని వెనక్కి తిరిగాను. పాప నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆ అమ్మాయి కళ్ళతోనే బిడ్డను చూపించి, "పడుకున్నాది" అంది.

తల్లి గుండె మీద నిద్రపోయిన బిడ్డను కదపకూడదు. ఆ నిద్రలోనే వాళ్ళు బరువు పెరుగుతారు. కొత్తగా చేరిన సిస్టర్లకు ఆ మాట చెప్పేది నేనే. ఫరవాలేదని తల ఊపాను. లేస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను, లేవకూడదని కూడా అనుకున్నాను. పాప లేవలేదు. నా చేతులు ఆరిపోయాయి.